ఉదయగిరి పెట్టెకు రెండో మాట

తెర మీద మూడు చుక్కలు ఉండేవి. ఆత్మకూరు, దుత్తలూరు, ఉదయగిరి. పచ్చగా ఉంటే లైను బాగున్నట్టు, ఎర్రబడితే తెగినట్టు. తొంభైల చివర్లో ఆ చుక్కలను చూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగం. ఆత్మకూరులో ఒక విత్తనాల గోడౌను మీద రేకుల గది, అందులో ఒక కంప్యూటరు, ఒక ఫోను, నేను. ఊరికే చూస్తూ కూర్చుంటే జీతం ఇస్తారా అని మా అమ్మ ఆశ్చర్యపోయేది. చూడడమంత కష్టమైన పని లేదని ఆమెకు ఎంత చెప్పినా ఎక్కలేదు. పొయ్యి మీద పాలు పెట్టి పక్కకు పోలేం కదా, నాకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే బతుకు. అసలే నాది పిరికి ప్రాణం. దానికి తోడు ముక్కు మీద కోపం. ఆ రెండూ ఉన్నవాళ్ళు అలాంటి ఉద్యోగం చేయకూడదు.

గోడౌన్లు ఒక విత్తనాల కంపెనీవి. వాటి కంప్యూటర్లను టెలిఫోను లైన్ల మీద కలిపి, ఆ లైన్లు తెగకుండా చూసుకునే కాంట్రాక్టు నెల్లూరులోని మా చిన్న కంపెనీది. ఏ ఊళ్ళో ఎన్ని బస్తాలు ఉన్నాయో లైను ఉంటేనే తెలుస్తుంది, తెలిస్తేనే బిల్లు వస్తుంది, బిల్లు వస్తేనే రైతుకు బస్తా. వాన పడి నేల పదునెక్కిన రోజుల్లో లైను తెగిందంటే గోడౌను ముందు నిలబడ్డ జనం ఊరుకోరు. చేలో పదును మనకోసం ఆగదు.

ఉదయగిరి గోడౌనులో మా పెట్టెను చూసుకునే ఆయనను నేను అన్నా అనేదాన్ని. నలభై అయిదు దాటిన మనిషి. అంతకుముందు ఇళ్ళకు కరెంటు వైర్లు లాగేవాడు, నిచ్చెన మీది నుంచి పడి నడుం దెబ్బతిన్నాక ఆ పని మానేశాడు. కూర్చుని చేసే పని దొరకడం ప్రభువు దయ అని రోజుకు ఒక్కసారైనా అనేవాడు. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. పొద్దున్నే ఫోను చేసి, "పచ్చగా ఉండామా చెల్లెమ్మా?" అని అడిగి, ఉన్నామని నేను అంటే, "స్తోత్రం" అని పెట్టేసేవాడు.

ఇప్పుడు ఆ పెట్టెల సంగతి, అంటే కంప్యూటరును టెలిఫోను లైనుకు కలిపే యంత్రాల సంగతి, కొంచెం చెప్పాలి. నా ముందున్న కంప్యూటరు ఘడియకొకసారి ఒక్కొక్క ఊరి పెట్టెను పలకరిస్తుంది. బాగున్నావా, నీ లైను ఎలా ఉంది అని. ఎవరు పడితే వాళ్ళు అడిగితే పెట్టె చెప్పదు, దానికి ఒక రహస్యపు మాట చెప్పాలి. మొదటి మాట చెబితే తన క్షేమ సమాచారం చెబుతుంది. రెండో మాట ఇంకొకటి ఉంటుంది. అది చెబితే మనం ఏం చేయమంటే అది చేస్తుంది. లైను మూసుకోమంటే మూసుకుంటుంది, తెరవమంటే తెరుస్తుంది. అంటే ఆ రెండో మాట తెలిసినవాడు నెల్లూరులో కూర్చుని ఉదయగిరి గోడౌను నోరు నొక్కేయగలడు.

ఆ పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చలేదు. మాట సరిపోతే చాలు, చెప్పింది ఎవరని పెట్టె అడగదు. పైగా ఆ మాట లైను మీద ఏ ముసుగూ లేకుండా బహిరంగంగా పోతుంది. దారిలో చెవి ఒగ్గినవాడికి వినపడుతుంది. మా సార్‌తో ఆ మాటే అన్నాను. "ఆత్మకూరికీ ఉదయగిరికీ మధ్య చెవి ఒగ్గేదానికి ఎవడుండాడమ్మా, మేకలు తప్ప?" అని నవ్వాడాయన. మా సార్ అంటే నెల్లూరు ఆఫీసులో మా మేనేజరు. చురుకైన మనిషి. కొత్తగా వచ్చిన ఏ ప్రోగ్రామైనా ముందు తన కంప్యూటరులో ఎక్కించి చూడాల్సిందే.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఉదయగిరి చుక్క మధ్యాహ్నం పూట ఎర్రబడడం మొదలైంది. భోజనం గిన్నె తెరవడం, తెర వంక చూడడం, ఎరుపు. నేను ఫోను చేసేదాన్ని. అన్న పెట్టె దగ్గరికి పోయి చూసి, "లైను దెబ్బతిన్లా చెల్లెమ్మా. పెట్టే మూసుకోని ఉండాది. ఎవురో మూసినట్టే ఉండాది" అనేవాడు. ఆయనే అక్కడ రెండో మాట కొట్టి తెరిచేవాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే. రైతులు అన్న మీదికి లేచేవాళ్ళు. ఒక రోజు ఎవరో పెద్దాయన వచ్చి అన్న చొక్కా పట్టుకున్నాడట. ఆ సంగతి చెబుతూ అన్న నవ్వాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

నెల్లూరు నుంచి సార్ ఫోను చేశాడు. "మూసింది రెండో మాట తెలిసినోళ్ళే. అది తెలిసింది ముగ్గురికి. నాకు, నీకు, ఆయనకు. నేను మూయను. నువ్వు మూస్తావా?"

"నేనెందుకు మూస్తాను సార్?"

"మరింక ఎవరమ్మా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను చూడు. మధ్యాహ్నం జనం ఎక్కువ గదా, పని తప్పించుకునేదానికి మూస్తా ఉండాడు."

నాకు ఒళ్ళు మండింది. అన్న అలాంటివాడు కాదని గట్టిగానే చెప్పాను. సార్ వినలేదు. మాట మారుద్దాం, మార్చినా మూసుకుంటే సోమవారం ఉదయగిరికి వచ్చి ఆయన లెక్క తేలుస్తాను అన్నాడు. కొత్త మాట సార్ తానే ఎంచి నాకు ఫోనులో చెప్పాడు. దాన్ని నేను అన్నకు ఫోనులోనే చెప్పాలి. మా దగ్గరి ఫోన్ల సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. వాన పడితే లైనులో బూరెలు వేగుతున్న చప్పుడు.

"ఎస్, అన్నా. ఎస్!"

"ఏందీ? ఎఫ్ఫా?"

"ఎస్ ఫర్ సోమశిల!"

"ఆఁ, సోమశిల! తర్వాత?" అని అన్న గోడౌను దద్దరిల్లేలా అరిచాడు. గట్టిగా అనవద్దని నేను ఇక్కడి నుంచి ఇంకా గట్టిగా అరిచాను. ఆ మాటలోని ప్రతి అక్షరాన్నీ అన్న తిరిగి అప్పజెబుతుంటే వెనకాల రైతులు నవ్వడం నాకు వినపడుతూనే ఉంది. కింద మా గోడౌను హమాలీలు కూడా పని ఆపి పైకి చూశారు. రహస్యం అంటే మా తాలూకాలో అలా ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం చుక్క ఎర్రబడింది.

ఆ రోజు నాకు వచ్చిన భయం మామూలు భయం కాదు. సోమవారం అన్న ఉద్యోగం పోతుంది. నడుం పడిపోయిన మనిషిని ఆ వయసులో ఎవరు పెట్టుకుంటారు? అన్న ఫోనులో అదే అన్నాడు. "నాకు వేరే పని చేతకాదు చెల్లెమ్మా. సార్‌కు నువ్వన్నా చెప్పు." చెప్పడం కాదు, మూస్తున్నది ఎవరో తేల్చాలి. నాకు ఒకటే దారి తోచింది. మాటను మళ్ళీ మార్చాలి, ఈసారి ఫోనులో చెప్పకూడదు, సార్‌కు కూడా చెప్పకూడదు. అది తెలిస్తే పోయేది నా ఉద్యోగం. శనివారం పొద్దున దుత్తలూరు మీదుగా పోయే ఉదయగిరి బస్సు ఎక్కాను. సోమవారం సార్ వచ్చేదాకా అక్కడే ఉంటానని ఇంట్లో చెప్పి బయలుదేరాను. దారి పొడుగునా ఏ మాట పెట్టాలా అనే ఆలోచన. ఊళ్ళ పేర్లు, దేవుళ్ళ పేర్లు ఎవరైనా ఊహిస్తారు. ఇంకెవరి నోటా రాని మాట కావాలి. దుత్తలూరు దాటాక నాకు నేరేడుదిబ్బ గుర్తొచ్చింది.

నేరేడుదిబ్బ మా చేని పేరు. సోమశిల డ్యాం కట్టినప్పుడు మా పాత ఊరితో పాటు అది కూడా మునిగిపోయింది. నేను అప్పుడు చిన్నదాన్ని. గట్టు మీది నేరేడు చెట్టు, మా నాయన అరక ఆపి నన్ను దాని కింద కూర్చోబెట్టడం, అంతే జ్ఞాపకం. ఎక్కడో ఎవరో ఒక మాట అనుకున్నారు, ఇక్కడ మేం సామాను బండికెత్తుకుని అనంతసాగరం వైపు వచ్చేశాం. ఆ పేరు మా ఇంట్లో కూడా ఎవరూ ఎత్తరు. ఎత్తితే అమ్మ ఏడుస్తుంది. ఇంతకంటే గట్టి తాళం ఇంకేం కావాలి అనుకున్నాను.

గోడౌనులో అన్న చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "ఇదేంది చెల్లెమ్మా, ఏ ఊరిది?" అన్నాడు. ఏదో ఒకటిలే అన్నా, గుర్తుపెట్టుకో చాలు అన్నాను. ఇద్దరం కలిసి పెట్టెలో రెండో మాట మార్చాం. మొదటి మాట జోలికి పోలేదు. మధ్యాహ్నమైంది. నేను పెట్టె ముందు కూర్చున్నాను. గోడౌను నిండా జనం. రోజూ మూసుకునే వేళ వచ్చింది, పోయింది, పెట్టె మూసుకోలేదు.

అప్పుడు పెట్టెలో రాసిపెట్టుకున్న సంగతులు తెర మీదికి తెప్పించి చూశాను. ఆ పెట్టెకు ఒక గుణం ఉంది. మాట సరిపోతే వచ్చింది ఎవరని అడగదన్నాను కదా, మాట తప్పయితే మాత్రం తట్టింది ఎక్కడి వాళ్ళో రాసుకుంటుంది. ఇప్పుడు ఎవరో పాత మాటతో తలుపు తట్టారు. తెరవకపోయేసరికి మళ్ళీ తట్టారు. ప్రతిసారీ ఒకే చిరునామా. అది మా నెల్లూరు ఆఫీసులో సార్ బల్ల మీది కంప్యూటరు.

సంగతి అర్థమయ్యేసరికి కోపం, నవ్వు రెండూ వచ్చాయి. లైనులో చప్పుడు ఎక్కువైతే తనంతట తానే లైను మూసేసి ఇంకో లైను తెరిచే ప్రోగ్రామొకటి సార్ కొత్తగా ఎక్కించి, దానికి రెండో మాట కూడా చెప్పిపెట్టాడు. మా దగ్గర దాని గొప్ప చెప్పాడు కూడా. ఉదయగిరికి ఇంకో లైను లేదు కదా. మధ్యాహ్నం రద్దీలో చప్పుడు ఎక్కువైనప్పుడల్లా అది మూసేస్తోంది, తెరవడానికి దానికి ఏమీ దొరకడం లేదు. పనిమంతుడు పందిరి వేస్తే పిచ్చుకలొచ్చి పడగొట్టాయట, మా సార్ పందిరికి పిచ్చుకలు కూడా అక్కరలేదు. అన్నకు చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రాత్రి వాళ్ళింట్లో చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

మర్నాడు ఆదివారం. అన్న, వదిన నన్ను వాళ్ళ గుడికి, అంటే చర్చికి, తీసుకుపోయారు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద వదిన పక్కన కూర్చున్నాను. పాటలు అయ్యాక మనవులు చెప్పుకునే వేళ వచ్చింది. ఒక్కొక్కరే లేచి తమ కష్టం చెబుతారు, తర్వాత సంఘ పెద్ద వాటిని ఒక్కొక్కటిగా దేవుడికి విన్నవిస్తాడు. గేదె ఈనలేక అవస్థ పడుతోందని ఒకామె, బోరులో నీళ్ళు పడాలని ఒకాయన. ఏ గేదె, ఏ చేలో బోరు, అన్నీ వివరంగా చెప్పాలి, వివరం లేని మనవి మనవి కాదని వాళ్ళ పద్ధతి. తర్వాత అన్న లేచి నిలబడ్డాడు.

"మా ఆఫీసు పెట్టెను రోజూ మూసేస్తా ఉండారు. నా ఉద్యోగం మీదికి వచ్చి ఉండాది. దేవుడు మా చెల్లెమ్మను పంపించినాడు. కొత్త మాట పెట్టినాము. నేరేడుదిబ్బ అనే మాట. ఆ మాటను శత్రువు చేతిలో పడకుండా ప్రభువు కాపాడాలని సంఘం ప్రార్థన చెయ్యాల."

ఆపుదామని వదిన భుజం పట్టుకుని లేవబోయాను. అంతలో సంఘ పెద్ద కళ్ళు మూసుకుని, "నేరేడుదిబ్బను కాపాడు ప్రభువా" అని గొంతెత్తాడు. గుడి గుడంతా, ముసలీ ముతకా, "నేరేడుదిబ్బను కాపాడు ప్రభువా" అన్నారు. మా ఇంట్లోనే ఎవరూ పలకని పేరు. నాకు ఏడుపు వచ్చింది. అది భయమో, బాధో, ఇంకేమిటో నాకే తెలియలేదు. వదిన నా వీపు నిమిరింది.

బయటికి రాగానే అన్న మీద విరుచుకుపడ్డాను. "అది రహస్యం గదన్నా!"

"దేవుడి కాడ దాచేదేంది చెల్లెమ్మా?"

"దేవుడొక్కడే విన్నాడా? ఊరంతా వినింది."

"ఊరెట్ల? సంఘమే గదా. మనోళ్ళేగా" అన్నాడు. ఆయన ముఖంలో తప్పు చేసిన ఛాయ లేదు. ఇల్లు తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోయే మనుషులు వాళ్ళు. ఎవరూ దొంగతనం చేయలేదు, చేయరు కూడా. వాళ్ళలో కంప్యూటరు ముట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. అయినా నేను అన్నను పక్కకు పిలిచాను.

"సార్‌తో ఈ సంగతి అనొద్దు అన్నా. నీకు దండం పెడతాను."

"అడక్కపోతే నోరెత్తను. అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను."

ఆ రోజంతా సార్ అడగకుండా ఉండాలని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

సోమవారం సార్ వచ్చాడు. రావడమే చిటపటలాడుతూ వచ్చాడు. నేను ఆయనను పెట్టె ముందు కూర్చోబెట్టి, పాత మాటతో తలుపు తట్టినవాళ్ళ చిరునామా చూపించాను. ఆయన కాసేపు చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది. "ఆ ప్రోగ్రాం తీసేస్తాలే" అని గొణిగాడు. తనకు చెప్పకుండా మాట మార్చినందుకు నన్ను నాలుగు అన్నాడు, నేను సంతోషంగా పడ్డాను. అన్న టీ తెప్పించాడు. టీ తాగడం అయింది. సార్ సంచి భుజానికి తగిలించుకుని గడప దాకా పోయాడు. నేను ఊపిరి వదిలాను. అప్పుడు ఆయన వెనక్కి తిరిగాడు.

"ఇంతకీ కొత్త మాట ఎవరెవరికి తెలుసు?"

"మా ఇద్దరికే సార్" అని నేను తొందరగా అందుకున్నాను.

సార్ అన్న వైపు చూశాడు. "ఇంకెవరికీ చెప్పలా గదా?"

అన్న నా వంక చూశాడు. నేను కళ్ళతోనే బతిమాలాను. ఆయన తల దించుకున్నాడు.

"చెప్పినాను సార్. గుళ్ళో చెప్పినాను. ప్రార్థనలో."

సార్‌కు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఆయనకు పోయిన పరువంతా తిరిగి వచ్చింది. గొంతు లేచింది. రహస్యం కాపాడలేనివాణ్ణి పెట్టుకోవడం ఎలాగ అన్నాడు. సార్ ఎంచిన మాట పోయినవారం ఇదే గోడౌనులో యాభైమంది విన్నారని నేను అరిచాను. కొత్త మాటైనా లైను మీద గుడ్డలు లేకుండా పోతోందని, గుడిలో చెప్పినా చెప్పకపోయినా ఒకటేనని అరిచాను. లైను మూసింది మీరు, ఉద్యోగం పోయేది ఆయనదా అని కూడా అన్నాను. సార్ అన్నను తాళంచెవులు ఇవ్వమన్నాడు. అన్న జేబులోంచి తీసి ఇచ్చేశాడు. బస్సు దాకా నన్ను సాగనంపి, "నువ్వు ఏడవబాక చెల్లెమ్మా. మంచి పచ్చగా ఉండాది గదా మన చుక్క" అన్నాడు.

మర్నాడు సార్ ఇంకో కొత్త మాట ఎంచి, ఆత్మకూరులో ఉన్న నాకు ఫోనులో అక్షరం అక్షరం అరిచి చెప్పాడు. హమాలీలు మళ్ళీ పైకి చూశారు.

మాటను ముసుగేసి పంపే పెట్టెలు, అడిగింది ఎవరో రుజువు చేయమనే పెట్టెలు కొన్నాళ్ళకు వచ్చాయి. అవి వచ్చేదాకా నేను ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. ఉదయగిరిలో ఇంకెవరినో పెట్టారు. అన్న మళ్ళీ నిచ్చెన ఎక్కుతున్నాడని విన్నాను. చూడడానికి పోవాలని చాలాసార్లు అనుకున్నాను, ఆయన ముఖం చూడలేక ఆగిపోయాను.

ఒకసారి దుత్తలూరులో బస్సు కోసం నిలబడి ఉంటే ఒక అవ్వ నన్ను గుర్తుపట్టింది. ఆ ఆదివారం గుడిలో నా ముందు చాప మీద కూర్చున్న అవ్వ. అన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"నడుం నొప్పి ఉండాది, పనికి పోతానే ఉండాడు. ఏ ఆదివారమూ గుడి మానడు. ఇప్పటికీ లేచి నిలబడి ఆ మనవే చెప్తాడు. మీ ఆఫీసు లైను తెగకూడదంట, ఆ మాట శత్రువు చేతిలో పడకూడదంట. మేమంతా నేరేడుదిబ్బ కోసరం ప్రార్థన చేస్తా ఉండాము" అంది.

"ఇంతకీ ఆ నేరేడుదిబ్బ యాడుండాదమ్మా? ఎవుర్నడిగినా తెలీదంటారు."

"మా చేను అవ్వా. సోమశిల నీళ్ళ కింద ఉండాది" అన్నాను.

అవ్వ నా చేయి పట్టుకుంది. "అయ్యో! అట్లయితే ఆ ప్రార్థన మానం లేమ్మా" అంది. ఆ మాటను పెట్టెలోంచి ఎప్పుడో తీసేశారని ఆమెకు చెప్పలేదు.